లెక్క అడిగితే అవిశ్వాసమా?



కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన మాటను (మత్తయి 6:3) ఈ మధ్య మన జిల్లాల్లో కొత్త పనికి వాడుతున్నారు. కానుకల లెక్క అడిగిన విశ్వాసి నోరు మూయించడానికి! ప్రభువు ఆ మాట చెప్పింది ఇచ్చేవాడితో. ఇచ్చి డప్పు కొట్టుకోవద్దన్నాడు. తీసుకున్నవాడు లెక్క దాచుకోవచ్చని అక్కడ ఒక్క అక్షరం కూడ లేదు.

పౌలును చూడండి. యెరూషలేములోని బీద పరిశుద్ధుల కోసం మాసిదోనియ, అకయ సంఘాలు చందా వేసుకున్నాయి. ఆ సొమ్ము ఆయన ఒక్కడే పట్టుకుపోలేదు. తీతుతో పాటు, సంఘాలే ఏర్పరచుకున్న ఒక సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు. ఎందుకో కూడ చెప్పాడు: ఎవరూ తమ మీద తప్పు మోపకూడదని, దేవుని ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడ సరిగా ఉండాలని (2 కొరింథీ 8:18-21). అదే పత్రికలో మూడవ ఆకాశం సంగతి చెప్పిన మనిషి, "నేను అభిషిక్తుణ్ణి, నన్ను అడగొద్దు" అనలేదు. ఎజ్రా అయితే 650 తలాంతుల వెండిని బయలుదేరే ముందే పన్నెండుమంది యాజకులకు తూచి అప్పగించాడు. యెరూషలేము చేరాక నాలుగో రోజున దేవుని మందిరంలో మళ్ళీ తూచారు, బరువు రాసుకున్నారు (ఎజ్రా 8). ఆ యాజకుల మీద అనుమానం ఉండి కాదు.

ఇంకో వాదం ఉంది. యోవాషు రాజు కాలంలో డబ్బు పంచినవాళ్ళను లెక్క అడగలేదు కదా (2 రాజులు 12:15) అంటారు. అయిదు వచనాలు పైకి వెళ్ళండి. పెట్టెలో సొమ్మును రాజుగారి లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. అసలు ఆ పెట్టె ఎందుకు వచ్చింది? సొమ్ము యాజకుల చేతికే వచ్చినన్నాళ్ళు, ఇరవై మూడేళ్ళు గడిచినా మందిరం గోడలు బాగుకాలేదు.

మన దగ్గరికి వద్దాం. విదేశీ కానుకైతే 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే దిగాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఏటా ఆడిటరు సంతకంతో లెక్క ఇవ్వాలి. (ఆ చట్టంతో నిజాయితీగల హాస్టళ్ళు కూడ నలిగిపోయాయి. అది వేరే వ్యాసం.) 2024 జూన్‌లో మన రాష్ట్రంలో ఓఎం సంస్థల మీద ఈడీ సోదాలు జరిగాయి. దళిత పిల్లల చదువు కోసమని బయటి దేశాల్లో సుమారు 300 కోట్లు సేకరించి, ఆస్తులకు మళ్ళించారని ఆరోపణ. ఆరోపణ వేరు, రుజువు వేరు; తీర్పు కోర్టుది. అప్పుడు మనలో సగంమంది "హింస వచ్చింది" అన్నారు, సగంమంది "ముందే అనుకున్నాం" అన్నారు. తమ ఊరి చందా సంచి ఎవరు విప్పుతున్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

దొర డబ్బుకు ఆడిటు, మనవాళ్ళ డబ్బుకు ఆమేన్! సిరిసిల్లలో బీడీలు చుట్టే అక్క దశమభాగానికి, జగిత్యాల నుంచి దుబాయి పోయిన తమ్ముడు ఫోన్లో పంపే సొమ్ముకు, వంటకు కొలిచేటప్పుడు పక్కకు తీసిన పిడికెడు బియ్యానికి ఏ ఢిల్లీ ఖాతా లేదు. అడిగితే మిర్యాముకు వచ్చిన కుష్ఠు గుర్తుచేసి భయపెడతారు. రెండు కాసులు వేసిన విధవరాలి మీద మనం ఎన్ని ప్రసంగాలు విన్నామో! దానికి రెండు వచనాల ముందే, దీర్ఘప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇండ్లు మింగే శాస్త్రుల మాట ఉంది (మార్కు 12:40). దాని మీద ఎన్ని విన్నాం?

ఫోన్లో చూసి ఏదైనా పరిచర్యకు పంపుతున్నవారు పోయిన ఏడు ఎంత వచ్చింది, దేనికి పోయింది, లెక్క చూసింది ఎవరు అని ఒక మెసేజి పెట్టండి. శాపనార్థాలు జవాబుగా వస్తే వచ్చే నెల పంపకండి. మన సంఘానిది ఈ ఆదివారం ఆరాధన అయ్యాక తలుపు మీద అంటిస్తాం. నా జీతం మూడో వరుసలో ఉంటుంది. చదువు రానివారికి కోశాధికారి చదివి వినిపిస్తాడు, తొందరపడి వెళ్ళిపోకండి.