పాత కుండీ ఎంత?

నర్సరీకి వెళ్లి గులాబీ మొక్క ధర అడిగితే ముచ్చటేస్తుంది. ఇంతేనా, ఇంకోటి కూడా తీసుకుందాం అనిపిస్తుంది. ఆ పక్కనే వరసగా పేర్చిన కుండీల ధర అడిగాక మాత్రం ఆ ఇంకోటి సంగతి మరిచిపోతాం. కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలు నల్ల కవర్లలో వస్తాయి. ఇంటి ముందు నాలుగడుగుల నేల ఉన్నవాళ్లు కవరు చింపి నాటేసుకుంటారు. బాల్కనీ తప్ప గతిలేని వాళ్లకు చాలాసార్లు మొక్క కంటే కుండీయే ఖరీదు.

చిత్రమేమిటంటే, అలా ఖరీదు పెట్టి కొన్న కుండీలే ప్రతి అపార్టుమెంటులోనూ మెట్ల కిందా, మేడ మీద నీళ్ల ట్యాంకు చాటునా ఖాళీగా పడి ఉంటాయి. ఒకదానిలో ఒకటి దూర్చి, బోర్లించి, వాటి మీద చిరిగిన గోనెపట్టా కప్పి. కదిలిస్తే బల్లి గుడ్లో, రెండు నత్తలో బయటపడతాయి. వాటిలో ఏ మొక్క ఉండేదో ఎవరికీ గుర్తుండదు. ఎవరివో మాత్రం గుర్తుంటుంది. ఇవి బెంగుళూరు బదిలీ అయిన వాళ్లవి. సామాను తరలించే లారీవాళ్లు ఫ్రిజ్‌కి పూచీ పడతారు గాని మట్టి నింపిన కుండీకి పడరు కదా. అవిగో అవి మూడో అంతస్తు పెద్దవాళ్లవి. ఆరు నెలలకని కూతురి దగ్గరికి అమెరికా వెళ్లి అక్కడే ఉండిపోయారు. వెళ్లేముందు ఎదురింటివాళ్లకు తాళంచెవితో పాటు ఏ మొక్కకు ఎన్ని నీళ్లో కాగితం మీద రాసిచ్చారట.

హైదరాబాదులో మా వీధి చివరి అపార్టుమెంటు వాళ్లు ఏటా సంక్రాంతికి ముందు ఒక ఆదివారం ఇలాంటి కుండీలన్నిటినీ కిందికి దింపి, కడిగి, గేటు పక్కన అమ్మకానికి పెడుతున్నారు. వచ్చిన డబ్బు, ప్రభుత్వాసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్లకు మధ్యాహ్నం పూట అన్నం వండిపెట్టే ఒక చోటికి ఇస్తారు. పెద్ద మొత్తమేమీ కాదు. కొన్ని బస్తాల బియ్యం, కందిపప్పు. కానీ అమ్మకం కంటే ముందురోజు సాయంత్రం జరిగే ముచ్చటే నాకు ఇష్టం. ఆ సాయంత్రమే కుండీలకు ధరలు వేస్తారు.

లెక్కలు చూసే ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన సూత్రం సులువు: కొత్తదాని ధరలో సగం. ఎనిమిది అంగుళాలది ఇంత, పన్నెండు అంగుళాలది ఇంత అని కాగితం మీద గీతలు కొట్టుకుని వస్తారు. ఆ కాగితం అరగంట కూడా నిలవదు. మట్టికుండీని ముందు వేలి కణుపుతో మీటి చూడాలంటారు ఆడవాళ్లు. ఖంగుమంటే గట్టిది. మొద్దుగా పలికితే ఎక్కడో కంటికి ఆనని పగులు ఉన్నట్టే, సగం ధర కూడా దండగ. ప్లాస్టిక్‌ది పైకి తళతళలాడుతున్నా, అంచు మీద బొటనవేలితో నొక్కితే తెల్లగీత పడిందంటే ఎండకు పెళుసెక్కిపోయిందన్నమాట. సిమెంటు కుండీకి ఏ లోపమూ ఉండదు, బరువు తప్ప. దాన్ని ఐదో అంతస్తుకు మోసేవాడు దొరకడు గనక గట్టిది చవకైపోతుంది.

ఇక మట్టికుండీల బయట తెల్లగా పొడిలా పేరుకునే ఉప్పు మరకలున్నాయి. మన బోరునీళ్లలోని లవణాలు, వేసిన ఎరువులు మట్టిగోడలోంచి ఊరి, నీరు ఆరాక పైన మిగిలే పూత అది. మట్టి ఊపిరి పీలుస్తోందనడానికి అదే ఆనవాలు. కొనేవాళ్లకు మాత్రం అది మురికి. అందుకని వెనిగర్ కలిపిన నీళ్లతో రుద్ది, జాజు పూసి, కొత్తవాటిలా ముస్తాబు చేస్తారు. ఇంగ్లండులో ఇది తలకిందులు. అక్కడ పాత మట్టికుండీకి నాచు పట్టి ఉంటే కొత్తదాని కంటే ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్లున్నారు. కొత్తది కొన్నవాళ్లు దానికి పెరుగు పూసి నీడన పెట్టి నాచు పట్టిస్తారు. ఈ మాట విని ఆ అపార్టుమెంటు పెద్దావిడ ఒకరు, ‘పెరుగు కుండీకి పూస్తారా!’ అని చాలాసేపు నవ్వారు.

మొదటి ఏడాది వీళ్లు అంచులు విరిగిన కుండీలను విడిగా పెట్టి, ‘ఉచితం’ అని అట్ట మీద రాశారట. సాయంత్రం దాకా ఒక్కటీ కదల్లేదు. వచ్చినవాళ్లు ఆ అట్ట చదివి, కుండీ చుట్టూ ఒకసారి తిరిగి, ‘ఊరికే ఎందుకిస్తున్నారమ్మా? చీడ పట్టిన మొక్కలుండేవా?’ అని అనుమానంగా అడిగి వెళ్లిపోయేవారు. మరుసటి ఏడు అలాంటివే పెట్టి పది రూపాయలని రాశారు. మధ్యాహ్నానికల్లా ఒక్కటీ మిగల్లేదు.

పది రూపాయలకు ఆ వంటశాలలో పొయ్యి వెలగదు. అయినా ఆ పది లేకపోతే ఎవరూ చెయ్యి చాపలేదు. పదిమంది చూస్తుండగా ఊరికే తీసుకోవాలంటే మనిషికి మొహమాటం. చెయ్యి కిందైనట్టుంటుంది. పది నోటు ఇచ్చాక అదే కుండీని చంకన పెట్టుకుని దర్జాగా నడిచిపోతాడు. ఇచ్చినవాళ్లకూ అంతే, దానం చేశామన్న బరువు ఉండదు.

ఇంగ్లండులో 1927లో ఇలాంటిదే ఒకటి మొదలైంది. ఇల్లిల్లూ తిరిగి రోగులకు సేవచేసే నర్సుల కోసం డబ్బు కూడబెట్టాలనుకున్నారు. తోటలున్నవాళ్లను ఒక్కరోజు గేటు తెరిచి ఉంచమని అడిగారు. చూడవచ్చినవాళ్ల దగ్గర మనిషికి ఒక షిల్లింగ్ తీసుకున్నారు. ఆ ఏడాదే 609 తోటలు తెరుచుకుని, ఎనిమిది వేల పౌండ్ల పైచిలుకు పోగైంది. ఈనాటికీ అది సాగుతోంది. తోట చూసినవాళ్లకు టీ, కేకు, సంచిలో పెట్టుకుపోవడానికి చిన్న మొక్కలు కూడా అమ్ముతారు. షిల్లింగ్ పుచ్చుకోకుండా ‘రండి, ఊరికే చూడండి’ అని ఉంటే ఎంతమంది ముక్కూమొహం తెలియని వాళ్ల గేటు దాటేవారో అనిపిస్తుంది నాకు.

మన దగ్గర ధర ఉన్నచోట బేరం ఉంటుంది. పుణ్యానికి పెట్టిన అమ్మకంలోనూ ఉంటుంది.

‘ఇదెంతమ్మా?’

‘ఎనభై ఆంటీ.’

‘అరవై చేసుకో. అంచు చూడు, ఎలా చెక్కుకుపోయిందో.’

‘ఇది మనకు కాదాంటీ, అన్నం పెట్టేవాళ్లకు.’

‘అయితే మాత్రం? డెబ్బై.’

డెబ్బైకి తెగింది. ఆవిడ వంద నోటిచ్చి, చిల్లర కోసం డబ్బా వెతుకుతున్న అమ్మాయితో, ‘ఉంచెయ్యమ్మా, అన్నంలోకే కదా’ అని కుండీ ఎత్తుకుని వెళ్లిపోయారు. పది రూపాయలు తగ్గించుకున్న సంతోషం ఒకటి, ముప్ఫై ఇచ్చేసిన సంతోషం ఒకటి. రెండూ ఆవిడకు దక్కాయి. ఈ లెక్క బ్యాంకు ఆయనకు ఎంతకీ కొరుకుడు పడలేదు.

అందరికంటే గట్టిగా బేరమాడింది ఎదురు అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య. ఆమెకు కుండీల ధరలు వీళ్ల కంటే బాగా తెలుసు. మెంతికూర వేసుకోవడానికి వెడల్పు తొట్టెలు రెండు ఏరి, రెండిటికీ కలిపి ఒకదాని ధరే ఇస్తానంది. చిల్లు ఒకదానికి పూడిపోయిందని తనే చూపించింది. పైసా ఎక్కువ ఇవ్వలేదు, ఎవరూ ఇవ్వమనలేదు కూడా. న్యాయమైన బేరమే.

మా చిన్నప్పుడు కుండీ కొనడం అనే మాటే ఉండేది కాదు. డాల్డా డబ్బా అడుగున మేకుతో నాలుగు చిల్లులు పొడిస్తే అందులో మరువం పెరిగేది. కాడ విరిగిన బకెట్‌లో కనకాంబరాలు. ప్రహరీగోడ మీంచి అంటు అటు వెళ్లేది, గోరింటాకు కొమ్మ ఇటు వచ్చేది. మనీప్లాంట్ అయితే అడిగి తెచ్చుకుంటే పెరగదనీ, దొంగతనంగా తుంచుకొస్తేనే అల్లుకుంటుందనీ ఒక నమ్మకం. తీగ పోయినవాళ్లు కూడా చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

అప్పుడు ధరలు లేవు గాని లెక్కలు లేవని అనలేం. పక్కింటి నుంచి పులుసు వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లేది కాదు. ఏమీ లేకపోతే అమ్మ అందులో గుప్పెడు పంచదారైనా పోసి పంపేది. ఎవరికి ఎవరు ఎంత బాకీ అన్నది ఆ వీధి ఆడవాళ్లందరికీ తెలుసు. ఆ బాకీ ఎన్నడూ పూర్తిగా తీరకుండా కూడా చూసుకునేవారనుకుంటాను. తీరిపోతే మళ్లీ గోడ దగ్గరికి రావడానికి వంక ఉండదుగా. ఇవాళ నాలుగో అంతస్తులో ఎవరున్నారో రెండో అంతస్తుకు తెలియదు. గిన్నె తిరిగొస్తుందన్న నమ్మకం లేని చోట, కుండీకి అంటించిన చిన్న చీటీయే వాళ్లిద్దరినీ ఒక్క నిమిషమైనా ఎదురెదురుగా నిలబెడుతోంది.

ఒక్కదానికి మాత్రం ఎవరూ చీటీ రాయలేకపోయారు. ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయిన వాళ్లు వదిలిన సిమెంటు తులసికోట. నాలుగు వైపులా దీపపు గూళ్లు, వాటిలో ఆరిన నూనె జిడ్డు, గోడకు ఎప్పటివో పసుపు, కుంకుమ బొట్లు. సగం ధర అన్న సూత్రం ఎత్తడానికి బ్యాంకు ఆయనకే నోరు రాలేదు. ఒకరింట పూజలందుకున్నదాన్ని అమ్మొచ్చా అని ఒకరు, కొనుక్కునేవాళ్లు మాత్రం ఏమనుకుంటారో అని మరొకరు. చివరికి ధర లేకుండానే ఓ వారన పెట్టారు. ఎవరూ దాన్ని ఎంతని అడగలేదు. ఎండ ఎక్కాక ఒక నడివయసు జంట ఆటో తెచ్చి దాన్ని ఎక్కించుకుని, డబ్బాలో మడిచిన నోట్లు వేసి వెళ్లారు. ఎంత వేశారని డబ్బా దగ్గరున్న అమ్మాయి విప్పి చూడలేదు. సాయంత్రం మిగతా నోట్లతో కలిసిపోయాయి.

కిందటేడు అమ్ముడైన కుండీల్లో ఒకటి ఈసారి మళ్లీ వచ్చింది. కొనుక్కున్న కుర్రాడికి పుణేలో ఉద్యోగమొచ్చి గది ఖాళీ చేశాడు. అడుగున పాత చీటీ ఇంకా అంటుకునే ఉంది, అరవై అని. ఏడాది పాతబడింది గనక నలభై వెయ్యాలన్నారు బ్యాంకు ఆయన. ఏడాది పాటు టమాటాలు కాసి, రెండు ఇళ్లు మారి కూడా పగల్లేదంటే గట్టి కుండీ, ఎనభై అన్నారు పెరుగు మాటకు నవ్విన పెద్దావిడ. కాసేపు వాదించుకుని పాత చీటీనే ఉంచేశారు. మర్నాడు తొలి గంటలోనే అది అమ్ముడైపోయింది. కొన్నావిడ యాభైకి అడిగింది గాని, అరవైకే ఇచ్చారట.