మారింది ఎవరు?

మొన్న ఒక సన్మాన సభలో పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకుని, కారంచేడు, చుండూరు రోజులు పోయాయన్నాడు. మనిషి మారాడట, పాత పుండ్లు రేపొద్దట. సభంతా చప్పట్లు. ఆ చప్పట్లకే నాకు ఒళ్ళు మండింది.

పోతే, ఎవరు పోగొట్టారు? 1985 జూలైలో, తాగే నీళ్ళ చెరువును మురికి చేస్తున్నారేమని అడిగిన పాపానికి కారంచేడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఊరేమీ సిగ్గుపడలేదు. బతికి బయటపడ్డవాళ్ళే చీరాల చేరి, శిబిరంలో కూర్చుని రాష్ట్రాన్ని కుదిపారు. దళిత మహాసభ పుట్టింది అక్కడే. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చిందంటే అలాంటి పోరాటాల వల్ల వచ్చింది, చంపినవాళ్ళ మనసు కరిగి కాదు. రెండేళ్ళు తిరక్కుండానే, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను వేటాడి చంపి, శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవకు!

చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని బాధితులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది, అంటే 23 ఏళ్ళు. దీన్నుంచి చంపేవాడు నేర్చుకునేది ఒకటే: సాగదీస్తే సాక్షులు ముసలివాళ్ళవుతారు.

2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ అత్యాచారాల నిరోధక చట్టం కోరలు ఊడాయి. ఏప్రిల్ 2న జనం రోడ్డెక్కారు, ప్రాణాలు పోయాయి, ఆగస్టులో పార్లమెంటు సవరించింది. దేశం నేర్చుకునే ఉంటే, గెలిచినదాన్నే మళ్ళీ గెలవాల్సిన గతి ఎందుకు పట్టింది? ఆ సెప్టెంబరులోనే మిర్యాలగూడలో, కులం కాని పిల్లను పెళ్ళాడాడని ఒక దళిత కుర్రవాణ్ణి పట్టపగలు నరికించారు.

చదువొస్తే కులం పోతుందంటారు. పెళ్ళి ప్రకటనలు చూడండి: కులపట్టింపు లేదని రాసి, పక్కనే ఎస్సీ, ఎస్టీలు తప్ప అంటారు. రాసేవాళ్ళు డాక్టర్లు, ఇంజినీర్లు! విమానమెక్కినా వదల్లేదు కాబట్టే 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది.

మరేం చేయాలి? బడిపుస్తకాల్లో చుండూరు ఉండాలి, సాక్షులకు రక్షణ ఉండాలి. అంతకుముందు, మనిషి మారాడని చెప్పే పెద్దలు తమ ఊళ్ళో శ్మశానాలు ఎన్ని ఉన్నాయో, ఏది ఎవరిదో చూసి రావాలి.