చెప్పుకున్న మాట గడప దాటకూడదు

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటారు మన పెద్దలు. ఆ మాట పట్టుకునే చాలామంది మనోవేదనను ఇంట్లోనే అణచుకుంటారు. పిల్లకు పెళ్లి కాదేమో, ఉద్యోగం పోతుందేమో, నలుగురూ పిచ్చి అంటారేమోనన్న భయం. ఆ భయాన్ని తప్పుపట్టి లాభం లేదు. డాక్టరుతో చెప్పుకున్నది బయటికి పొక్కదన్న భరోసా కావాలి. ఆ భరోసా మన చట్టంలోనే ఉంది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం గోప్యత డాక్టరు చూపే దయ కాదు, రోగి హక్కు. చికిత్స చేసే ఇతర వైద్య సిబ్బందితోనూ, రోగి తరఫు ప్రతినిధితోనూ వారి పనికి అవసరమైన వివరాలు పంచుకోవచ్చు. ప్రాణాపాయం తప్పించడానికి, మరొకరికి హాని జరగకుండా ఆపడానికి, ప్రజల భద్రత కోసం, హైకోర్టు వంటి అధికార సంస్థ ఆదేశిస్తే కూడా చెప్పవచ్చు. హాని ఆపడానికైనా అందుకు కావలసినంతే చెప్పాలి. యజమాని అడిగాడనో, పెళ్లివారు వాకబు చేశారనో చెప్పడానికి వీల్లేదు. అనుమతి లేకుండా రోగి ఫొటో గానీ, వివరాలు గానీ మీడియాకు ఇవ్వకూడదు. కంప్యూటర్లో భద్రపరచిన సమాచారానికీ ఇదే నియమం.

తన వైద్య రికార్డు చూసుకునే హక్కు రోగికి ఉంది. తన ప్రతినిధి ఎవరో తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి తానే నిర్ణయించుకోవచ్చు. హక్కుకు భంగం కలిగితే ముందు ఆసుపత్రి బాధ్యుడైన వైద్యాధికారికి, అక్కడ న్యాయం జరగకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు.

పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడిన మనకు ఇంకో చిక్కుంది. ఒడిశాలోనో మహారాష్ట్రలోనో డాక్టరుగారికి తెలుగు రాదు. పెద్దావిడ గోడును పక్కింటావిడో, మనవడో ఆ రాష్ట్ర భాషలో చెబుతారు. చట్టం కట్టడి చేసేది వైద్య సిబ్బందిని. పక్కింటావిడ నోటికి తాళం ఎవరు వేస్తారు? అత్తగారే దుబాసీగా కూర్చుంటే కోడలు తన బాధ ఏం చెప్పుకుంటుంది? అందుకే తెలుగు వచ్చిన సిబ్బంది ఉన్నారా అని ఆసుపత్రిలో ముందే అడగండి. లేకపోతే తోడు ఎవరు రావాలో రోగినే ఎంచుకోనివ్వండి. టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా, ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

యువతకు ఒక మాట. ‘ఫలానా చెల్లికి డిప్రెషన్, ప్రార్థించండి’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు ఆ చెల్లిని అడిగారా? ప్రేమతో పెట్టినా, పేరు బయటపడ్డాక వెనక్కి తీసుకోలేం. పేరు చెప్పకుండానే ప్రార్థించవచ్చు. పాస్టర్లమైన మేము కూడా మా దగ్గర చెప్పుకున్నది ప్రసంగంలో ఉదాహరణగా వాడకూడదు. నలుగురికీ తెలిసిపోతుందన్న భయం పోయిననాడు, సాయం అడగడానికి ఇంకొకరు ముందుకు వస్తారు.