కంటికి కనబడని వరుస

యూరియా బస్తా కొరకు తెల్లవారకముందే దుకాణము ముంగిట చెప్పులను, పాసుబుక్కులను వరుసగా పేర్చి కాచుకొన్న 2025 వానకాలపు దుర్దశ ఇక తీరినదనియు, ఫోనులో యాప్ తెరచి బుక్ చేసికొన్న రైతునకు ఎరువు తనకు తానై సిద్ధముగా నుండుననియు చెప్పుచు, ఆ డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము ప్రయోగార్థము ఎంచుకొన్న ఐదు జిల్లాలలో మన నల్లగొండయు, పాలమూరును చేరినవి. అంతకు మునుపే భారత పత్తి సంస్థ (సీసీఐ) వారు "కపాస్ కిసాన్" అను యాప్‌ను తెచ్చి, అందులో పేరు నమోదు చేసికొని స్లాటు పొందినవారి పత్తినే మద్దతు ధరకు కొందుమని కట్టడి చేసిరి. ఈ రెంటిని సమర్థించుచు వ్రాసినవారును, టీవీ చర్చలలో మాటలాడినవారును తిప్పితిప్పి చెప్పిన మాట ఒక్కటే: "ఈ కాలమున ఫోను లేని ఇల్లెక్కడ?" నాకు కష్టము కలిగించినది యాప్ కంటెను ఈ ప్రశ్నయే. ఇంటిలో ఫోనుండుట వేరు, ఆ ఇంటి సేద్యము నడపు మనిషికి ఆ ఫోను అక్కరకు వచ్చుట వేరు; ఈ భేదమును తెలిసియు మరచుట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

ఈ వాదము చేయువారెవ్వరును ఎత్తని అంకె యొకటి కలదు. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణ గ్రామసీమలలో ఇంటర్నెట్టును ఎన్నడైనను వాడిన స్త్రీలు నూటికి 15.8 మంది. పట్టణములలో 43.9. అనగా పల్లెలో నూటికి పదునారుగురైనను లేరు. ఈ అంకెను చదువుటలో కొంత ఓపిక చూపవలెను. సర్వేవారు అడిగినది "ప్రతిదినము వాడుదువా" యని కాదు, "ఎన్నడైనను వాడితివా" యని. మనుమని చేతి ఫోనులో ఒక్క పాట చూచిన స్త్రీయు ఈ 15.8 లో చేరినట్లే. సొంతముగా యాప్ దించుకొని, ఆధార్ సంఖ్య కొట్టి, ఓటీపీ చేర్చి, మిల్లును, తేదీని ఎంచుకొనగలవారిని వేరు చేసి లెక్కించినచో ఎందరు మిగులుదురో పాఠకులే ఊహించుకొనవచ్చును. మరియొక మాట. ఈ ప్రశ్నకు జవాబిచ్చిన స్త్రీలు 15 మొదలు 49 ఏండ్ల లోపువారు మాత్రమే. యాబది దాటిన స్త్రీ ఆ లెక్కలోనికే రాలేదు. కొడుకులు పట్నమునకు పోగా, భర్త కాలము చేయగా, మూడెకరముల చెలకను ఒంటిచేతితో లాగుకొని వచ్చుచున్న అరువదేండ్ల తల్లి 15.8 లోపలను లేదు, వెలుపలను లేదు.

అది పాత అంకె గదా, ఆ తరువాత ఫోనులు పెరిగినవి గదా యని ఆక్షేపించువారు కలరు. పెరిగినమాట నిజమే. కనుక వారి సంతృప్తి కొరకు ఆ అంకెను రెట్టింపు చేయుదము: 31.6. మూడింతలు చేయుదము: 47.4. మూడింతలు చేసినను సగముకంటె ఎక్కువమంది గ్రామీణ స్త్రీలు గడపకు ఈవలనే నిలిచియున్నారు. ఏ పంచాయతీ భవనమునకైనను ఊరిలో సగముమందికి ఎక్కరాని మెట్లు కట్టి, మిగిలిన సగము ఎక్కుచున్నారు గనుక మెట్లు మంచివే యని వాదించినచో ఊరు ఒప్పుకొనునా?

పత్తి సంగతినే తీసికొందము. విత్తనము పెట్టునది స్త్రీ, కలుపు తీయునది స్త్రీ, ఒడిలోనికి పత్తి ఏరునది స్త్రీ. 2025 కార్తికమున ఏదో నకలు కాగితము కొరకు నకిరేకల్ సెంటరులోని ఒక నెట్టు షాపులో నిలుచుండగా, శాలిగౌరారము వైపు పల్లెనుండి వచ్చిన ఒక పెద్దమ్మ పాలిథీను కవరులో పాసుబుక్కును, ఆధార్ కార్డును చుట్టి రొమ్ముకు హత్తుకొని ముందుకు వచ్చినది. షాపు కుర్రవాడు మంచివాడే, ఓపికగా అడిగినాడు: "ఓటీపీ ఎవరి ఫోనుకు పోయిందవ్వా?" "నా కొడుకు ఫోనుకు బిడ్డా. ఆడు పట్నంల డ్యూటీల ఉన్నడు, ఎత్తుతలేడు." ముమ్మారు ఓటీపీ పంపిరి, కొడుకు తిరిగి ఫోను చేయుసరికి ముమ్మారును గడువు దాటినది. నాలుగవసారి పని జరిగినది గాని, అప్పటికి ఆ వారపు స్లాట్లు నిండిపోయినవి. ఆమె కొంగుముడి విప్పి గుప్పెడు పత్తిని బయటికి తీసి, కుర్రవాని బల్లపై పెట్టి, "ఇయ్యాల మంచిగ ఎండింది సూడు. మంచు పడితె మళ్ల నానుతది" అనినది. ఆ మాటలో వ్యవసాయశాస్త్రమంతయు ఉన్నది. తేమ నూటికి 12 దాటిన పత్తిని సీసీఐ కొనదు. అక్టోబరు చివర మొంథా తుపాను వానకు తడిసిన పత్తిని ఆరబెట్టి, ఆరబెట్టి, ఆ పన్నెండు లోపలికి ఆమె తెచ్చికొన్న దినము అది. ఆమె చేతికి తెలిసిన ఆ దినము యాప్‌నకు తెలియదు. పొడవు పింజ పత్తికి ఆ యేటి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధరకును ఆమె బండికిని నడుమ నిలిచినది, పట్నములో పనిలోనున్న కొడుకు ఫోనునకు వచ్చిన ఆరు అంకెలు.

యాప్ వలన దళారి తొలగినాడని గొప్పగా చెప్పబడుచున్నది. ఈ ప్రాంతపు చరిత్ర తెలిసినవారు ఈ మాటను ఎట్లు చెప్పగలరో నాకు బోధపడదు. ఒకప్పుడు పహాణీలోని అక్షరము రైతునకు తెలియదు, పట్వారీకి తెలియును. ఆ తెలియుటయే అతని అధికారము. పొలము ఎవరి పేర నున్నదో, శిస్తు ఎంత బాకీ యున్నదో అతడు చదివి చెప్పినదే వేదము. ఆ పెత్తనమును సహింపలేక ఈ నేల ఎంత పోరినదో నల్లగొండ వారికి నేను చెప్పనక్కరలేదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసినది. అది రద్దుచేసినది పదవులను. చదువగలవానికిని చదువలేనివానికిని గల అంతరమును కాదు. ఆ అంతరమున్న చోటనెల్ల నడుమ ఎవడో ఒకడు పుట్టుకవచ్చును. నేడు అట్లు పుట్టినవాడు ఫోను తెలిసిన పొరుగువాడు, నెట్టు షాపువాడు, ఎరువుల దుకాణపు గుమాస్తా, ఒక్కొక్కచోట పత్తి కొను వ్యాపారి తానే. ఓటీపీ అతని చేతిలో పెట్టిన రైతు తన పాసుబుక్కును అతని చేతిలో పెట్టినట్లే. నూటికి 15.8 అను అంకెకు అర్థమిదియే: మిగిలిన 84 మందికి ఒక్కొక్క దళారిని మన చేతులతో మనమే నియమించుచున్నాము. కౌలురైతు దుఃఖము వేరొక అధ్యాయము; పాసుబుక్కే లేనివానికి పాసుబుక్కు నడుగు యాప్ ఏమి చేయును?

యాప్‌ల వలన మేలు లేదని నేననను. రైతు పేరిట వ్యాపారి సరుకు మిల్లునకు చేర్చు మోసమును కొంత అరికట్టవచ్చును. మిల్లు గేటువద్ద రాత్రులు రాత్రులు బండ్లు నిలుచుట తగ్గవచ్చును. ఈ మేళ్లేవియు కాగితపు చీటీని నిషేధించిననే గాని కలుగవా? ఇది నేనడుగు ప్రశ్న, దీనికి జవాబు ఎవరి వ్యాసమునను కనబడలేదు.

యంత్రమును నమ్మి మనిషిని చూడకపోయిన యెడల ఏమగునో తెలంగాణ మొదటిసారి నేర్చుకొనవలసిన పాఠము కాదు. 2014 తరువాతి సంవత్సరములలో ఇంటికి వచ్చి విచారించినవారు లేకయే, కంప్యూటరు జల్లెడ పట్టిన సమాచారమును ఆధారముగా గొని, సుమారు 19 లక్షల రేషను కార్డులు రద్దు చేయబడినవి. సుప్రీంకోర్టు 2022లో క్షేత్ర విచారణ జరుపుడని ఆదేశింపవలసి వచ్చినది. రేషను దుకాణమున వ్రేలిముద్ర యంత్రము వచ్చినప్పుడును ఇదే అనుభవము. ఏండ్ల తరబడి పత్తి ముండ్లు గీచిన వ్రేలిని, ఫ్లోరైడు నీరు త్రాగి కీళ్లు బిగిసి చాపలేని చేతిని ఆ గాజుపలక గుర్తింపదు. ఫ్లోరైడు ప్రస్తావన వచ్చినది గనుక జ్ఞాపకము చేయుచున్నాను: ఈ జిల్లా పేర ప్రపంచమునకు తెలిసిన సాంకేతిక విజ్ఞానమొకటి కలదు. నాగపూరులోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ) శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించిన "నల్లగొండ పద్ధతి" యది. పటిక, సున్నము, ఒక బకెట్టు. అక్షరము రాని ఇల్లాలు తన వంటింటిలో చేసికొనదగిన పని. దాని లోపములు దానికున్నవి. అయినను ఆ శాస్త్రజ్ఞులు ఆ ఇల్లాలి చేతిలో ఏమున్నదో ముందు చూచి, తరువాత ఉపాయమును కనుగొనిరి. నేటి యాప్ నిర్మాతలు ముందు ఉపాయమును కనుగొని, ఆ ఇల్లాలినే దానికి తగినట్లు మారుమనుచున్నారు.

చేయదగినది కష్టమైనదియు కాదు. రాష్ట్రములో 2,601 రైతువేదికలు కట్టించినారు. ఇంచుమించు ఐదువేల ఎకరములకొక విస్తరణాధికారి కలడు. వారమున రెండు దినములు ఆ వేదికలో పుస్తకము తెరచి, వచ్చిన రైతు పేరు కలముతో వ్రాసికొని, ముద్రవేసిన చీటీ ఇచ్చి, ఆ చీటీకి యాప్ స్లాటుతో సమానమైన హక్కు కల్పింపవలెను. ప్రతి మిల్లునందును, ప్రతి సహకార సంఘమునందును కొన్ని స్లాట్లు ఫోను లేక వచ్చిన వారికై విడిచిపెట్టవలెను. ఇంతియ గాక, యాప్ నడుపువారు రెండు లెక్కలను ప్రకటింపవలెను: స్త్రీల పాసుబుక్కులపై ఎన్ని స్లాట్లు ఇచ్చిరి? ఒక్కటే ఫోనునుండి పదికి మించి బుక్ అయిన స్లాట్లు ఎన్ని? తలచినచో ఒక్క దినములో తీయగల లెక్కలివి. వరుసలు పోయినవని చాటుకొనువారు వీనిని బయటపెట్టుటకు ఏల వెనుదీయవలెను? ఫిర్యాదులు లేవని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు; ఫోను లేనివారి మొర వినకయే ఆ మాట పలుకువారు సిగ్గుపడవలెను. వరుస పోలేదు. దుకాణము ముందరనున్నంత కాలము అది పత్రికలలో ఫోటోగా పడినది, మంత్రులను కలవరపెట్టినది. నేడది ఇండ్లలోనికి చెదరి, ఒక్కొక్క తల్లియు ఒంటరిగా నిలుచు వరుసయైనది.

ఆ పెద్దమ్మ మరునాటికి ఆగలేదు. మబ్బు పట్టినది, కూలి బాకీ యున్నది. ఆ సాయంకాలమే ఊరిలోని వ్యాపారి కాటాపై పత్తి దింపినదనియు, క్వింటాలుకు వెయ్యికి పైగా తక్కువ ముట్టినదనియు నెట్టు షాపు కుర్రవాడు తరువాత నాకు చెప్పినాడు. బల్లపై ఆమె మరచిపోయిన గుప్పెడు పత్తిని అతడు పారవేయక, కంప్యూటరు ప్రక్కన ఒక గ్లాసులో పెట్టి యుంచినాడు.