మితవాద జనరళ్ల కోసం వెతికేవారికి

ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనికి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా బతుకుతున్న పట్టణం ఖరగ్‌పూర్. అక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న పోలీసులు నిరాయుధ ఖైదీలపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా బలయ్యారు. సరిగ్గా రెండు రోజులకు మంచూరియాలో జపాన్ సైనికాధికారులు తమ కాపలాలో ఉన్న రైలుపట్టాను తామే పేల్చి, నింద చైనాపై వేసి, దండయాత్రకు దిగారు. 1944లో అదే హిజ్లీ భవనం అమెరికా భారీ బాంబర్ల దళానికి ప్రధాన కార్యాలయమైంది. ఆ జూన్‌లో ఖరగ్‌పూర్ చుట్టుపక్కల స్థావరాల విమానాలు చెంగ్డూ మీదుగా వెళ్లి జపాన్‌లోని యవాతా ఉక్కు కర్మాగారంపై దాడి చేశాయి.

ఆ పదమూడేళ్లలో జపాన్‌ను ముంచింది ఎవరు? ఉన్మాదులైన కుర్ర అధికారులే తప్ప వివేకం గల పెద్దలు కారన్నది చలామణిలో ఉన్న జవాబు. అది సగం నిజం. మిగతా సగాన్ని మరుగుపరచడానికే అది బాగా పనికొస్తోంది.

సైన్యంలో రెండు ముఠాలుండేవి. అరాకీ సదావో, మజాకీ జిన్‌జబురోల చుట్టూ చేరిన చక్రవర్తి మార్గం వర్గానిది ఆవేశం, ఆత్మబలం, రష్యా ద్వేషం. నగాతా తెత్సుజాన్ చుట్టూ చేరినవారిది మరో ధోరణి: కర్మాగారం, పొలం, బడి సమస్తాన్నీ యుద్ధానికి సిద్ధం చేయాలన్న లెక్కల మనస్తత్వం. వారికి నియంత్రణ వర్గమన్న పేరు ప్రత్యర్థులు పెట్టిందే. ఒకరు నినాదాలిచ్చేవారు, మరొకరు దస్త్రాలు రాసేవారు. దస్త్రాలు రాసేవారిని మితవాదులనడం చరిత్రకారుల మర్యాదో, బద్ధకమో!

1932 మే 15న ప్రధాని ఇనుకాయి త్సుయోషిని యువ నావికాధికారులు, సైనిక విద్యార్థులు కాల్చి చంపారు. వారిపై దయ చూపాలంటూ జనం రక్తంతో సంతకాలు చేసిన అర్జీలు పంపారు. యుద్ధమంత్రి అరాకీ హంతకుల సంకల్పశుద్ధిని మెచ్చుకున్నాడు. వారిలో ఒక్కరికీ ఉరి పడలేదు. దేశభక్తి పేరిట చేసే హత్యకు శిక్ష తక్కువని కుర్ర అధికారులకు నేర్పింది అడవిలో పుట్టిన ఉన్మాదం కాదు, న్యాయస్థానమే. 1935 ఆగస్టులో నగాతాను ఆయన కార్యాలయంలోనే లెఫ్టినెంట్ కల్నల్ ఐజావా కత్తితో నరికాడు. 1936 ఫిబ్రవరి 26న సుమారు 1,400 మంది సైనికులతో యువ అధికారులు టోక్యో నడిబొడ్డును ఆక్రమించారు. సైనిక వ్యయానికి కళ్లెం వేసిన ఆర్థికమంత్రి తకాహాషిని ఆయన పడకగదిలోనే చంపారు. చక్రవర్తి మండిపడేదాకా సైనిక పెద్దలు గోడమీద పిల్లులే.

ఈసారి మాత్రం ఉరితీతలు రహస్యంగా, చకచకా సాగాయి. ఆవేశపరుల ముఠా అణగారింది. ప్రజాపాలన మాత్రం తిరిగి రాలేదు. పదవిలో ఉన్న సేనాధికారే యుద్ధమంత్రి కావాలన్న పాత నిబంధనను గెలిచిన వర్గం ఆ మే నెలలోనే మళ్లీ తెచ్చింది. ఇక మంత్రివర్గాన్ని పడగొట్టాలంటే ఒక అధికారిని పంపకుండా ఉంటే చాలు.

పొరుగుదేశంలో టాంకులు వీధికెక్కిన ప్రతిసారీ మన విశ్లేషకులు క్రమశిక్షణ గల జనరల్ ఎవరా అని వెతుకుతారు. వారు ఉగాకీ కజుషిగే ఉదంతం చదవాలి. 1925లో సైన్యంలో నాలుగు డివిజన్లను రద్దుచేసిన మాజీ యుద్ధమంత్రి ఆయన. 1937 జనవరిలో మంత్రివర్గం ఏర్పాటు చేయమని చక్రవర్తి ఆయనను ఆదేశించాడు. సైన్యం యుద్ధమంత్రిని ఇవ్వలేదు. కత్తి దూయలేదు, తూటా పేల్చలేదు. కొద్దిరోజులకే ఉగాకీ ప్రయత్నం మానుకున్నాడు. ఆ జూలైలో చైనాతో యుద్ధం మొదలైంది.