నిమ్మచెక్కకు విస్తరిలో చోటివ్వండి

ప్రాతఃకాలమున పరగడుపున తేనె, నిమ్మరసం కలిపిన వేడినీరు త్రాగడం నేడు అనేక గృహాలలో నిత్యకృత్యమైనది. దానివలన కొవ్వు కరుగుతుందనే నమ్మకానికి తగిన ఆధారం నాకు ఎక్కడా కనిపించలేదు. పైగా రోజూ అదేపనిగా పుల్లని నీరు సేవించినచో పంటి పింగాణీ అరుగుతుంది; అమ్లపిత్తంతో బాధపడువారికి గుండెలో మంట హెచ్చుతుంది. నిమ్మను నిందించడం నా ఉద్దేశం కాదు. దాని సుగుణం మనకు దక్కే వేళ వేరని మాత్రమే నా మనవి.

భావప్రకాశం నిమ్మను వాతహరమనీ, దీపన పాచన గుణములు గలదనీ పేర్కొన్నది. అనగా జఠరాగ్నిని పెంచి ఆహారాన్ని జీర్ణం చేసే ద్రవ్యం. ఆహారంతో కూడినప్పుడే కదా ఆ గుణానికి సార్థకత! ఆధునిక శాస్త్రం చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉన్నది. తోటకూర, పప్పులు, రాగులలోని ఇనుము సులభంగా ఒంటబట్టదు. అదే భోజనంలో 'సి' విటమిన్ ఉన్నచో ఆ ఇనుము ప్రేగులు గ్రహించగల రూపం పొందుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. అందరికీ వడ్డించి చివరన భుజించే ఇల్లాలి కంచంలోనే నిమ్మచెక్క ముందుగా ఉండవలెనని నేనంటాను. వైద్యులిచ్చిన ఇనుము మాత్రలకు ఇది బదులు కాదు సుమా! భోజనమైన వెంటనే కాఫీ, టీ సేవించినచో ఈ మేలు చాలావరకు వ్యర్థం. ఒక గంట ఆగవలెను.

ఈ విటమిన్ మహా సుకుమారమైనది. మన నిమ్మ మాదీఫలానికీ, ఆగ్నేయాసియా అడవి జాతి ఒకదానికీ పుట్టిన సంకరం. కాలక్రమాన వెస్టిండీస్ వరకు చేరినది. 1747లో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు నారింజలు, పెద్ద నిమ్మపండ్లు ఇచ్చి, చిగుళ్ల నుండి రక్తం కారే స్కర్వీ వ్యాధిని నావికులలో నయం చేసి చూపాడు. తరువాతి శతాబ్దంలో బ్రిటిష్ నౌకాదళం ఆ పెద్ద నిమ్మను మాని, వెస్టిండీస్‌లో పండే మన జాతి నిమ్మరసానికి మారినది. రాగి గొట్టాల గుండా పారి, నెలల తరబడి నిల్వ ఉన్న ఆ రసంలో సారం నశించినది. 1875లో బయలుదేరిన ఉత్తర ధ్రువ యాత్రలో స్కర్వీ తిరిగి విజృంభించినది.

కనుక రసం అప్పటికప్పుడు పిండుకొనవలెను. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో ఉంచరాదు. పప్పును పొయ్యి మీద నుండి దించిన పిదపనే కలపవలెను. పులిహోరకు అన్నం చల్లారిన తరువాత నిమ్మ పిండే పెద్దల పద్ధతి చేదెక్కకుండా ఉండడానికే అయినా, విటమిన్‌కూ అది రక్షే. ఊరగాయ మాత్రం నోటి రుచికే. నిమ్మ ధర మండిపోయే వేసవిలో పచ్చి మామిడికాయ కోరు అన్నంతో తీసుకొన్నా కొంత ఫలితం దక్కుతుంది.