మేడ లేనివాడికీ రేడియో
- ఒక పూర్వ విద్యార్థి

తమ్ముళ్లూ, మన హాస్టల్లో చదివి పట్నం చేరినవాళ్లలో చాలామందికి ఉన్నది అద్దె గదే. కులం కనుక్కుని గానీ గది ఇవ్వని ఓనరు, మేడ మీద యాంటెన్నా కడతానంటే ఊరుకుంటాడా? లైసెన్సు తీసుకుని సొంత సెట్టుతో దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడేదే హామ్ రేడియో. 40 మీటర్ల బ్యాండుకు సుమారు 20 మీటర్ల తీగ కట్టాలి. లైసెన్సు వచ్చాక కూడా రెండేళ్లు నా సెట్టు అట్టపెట్టెలోనే ఉంది.

చివరికి దాన్ని ఊళ్లో మా ఇంట్లోనే పెట్టి, పాత కంప్యూటర్‌కు కలిపి, ఇక్కడి గదిలోంచి నడుపుతున్నాను. "ఇదేం రేడియో, ఇంటర్నెట్టేగా" అని కొందరు సీనియర్లు నవ్వుతారు. వాళ్లకు సొంత మేడలున్నాయి మరి! నా మాట గాలిలోకి వెళ్లేది మా వేపచెట్టుకు కట్టిన తీగ నుంచే. నెట్టు నా చేతిని అక్కడిదాకా చాపుతుంది, అంతే.

ఇందులో బ్రహ్మవిద్య లేదు. కెన్‌వుడ్ సెట్టుకు కంప్యూటర్ నుంచి "ఎఫ్ఏ00007100000;" అని పంపితే 7.1 మెగాహెర్ట్జ్‌కు మారుతుంది. ఆ 11 అంకెలూ హెర్ట్జ్‌ల లెక్క. ఐకామ్ వాళ్ల పద్ధతి పేరు సీఐ-వీ, అందులో ఒక్కో మోడల్‌కు ఒక్కో నంబరు. పాత ఐకామ్ సెట్టును సీరియల్ పోర్టుకు నేరుగా తగిలించకండి. సెట్టు వైపు 5 వోల్టులే, కంప్యూటర్ వైపు అంతకన్నా ఎక్కువ. మధ్యలో మ్యాక్స్232 లాంటి చిప్ ఉండాలి. 2016లో వచ్చిన ఐసీ-7300కు ఒక్క యూఎస్‌బీ కేబుల్ చాలు గానీ, దాని ధర మన జేబుకు అందదు. హామ్‌లిబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఈ భాషలన్నీ తెలుసు.

ఒక రాత్రి ట్రాన్స్‌మిట్‌లో ఉండగా నెట్టు పోయింది. ఆపమన్న ఆజ్ఞ అందక సెట్టు అలాగే మోగుతోంది. అమ్మకు ఫోన్ చేసి మెయిన్ స్విచ్ ఆపించేదాకా నాకు ప్రాణం కుదుటపడలేదు. మర్నాడే టైమ్-అవుట్ టైమర్ 3 నిమిషాలకు పెట్టాను. ట్రాన్స్‌మిట్ చేస్తే యూఎస్‌బీ తెగిపోయే జబ్బు కూడా ఉండేది, కేబుల్‌కు ఫెర్రైట్ ముక్కలు తొడిగాక తగ్గింది.

పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక విన్నపం. శాలువాలకు, మెమెంటోలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి హాస్టల్ మేడ మీద ఒక స్టేషన్ పెడదాం. ఆ మేడకు ఓనరు బెడద లేదు. 12 ఏళ్లు నిండిన పిల్లలు పరీక్ష రాయవచ్చు. వాళ్లు ముందు చేత్తో నాబ్ తిప్పే నేర్చుకోవాలి, ఈ ఒక్క విషయంలో సీనియర్లదే ఒప్పు. బయట ఉన్నవాళ్లం దూరం నుంచి నడపడానికి మాత్రం, లైసెన్సు ఇచ్చే డబ్ల్యూపీసీని రాతపూర్వకంగా అడిగాకే మొదలుపెడదాం.

కంప్యూటర్, రెండు మ్యాక్స్232 బోర్డులు నేను తెస్తాను. తీగ కట్టడానికి చెట్టెక్కేవాళ్లకు మన హాస్టల్లో ఎప్పుడూ కొరత లేదు.